టబ్బు కింది గది

తన గదిలో తాను పొయ్యి ముట్టించుకునే హక్కు పోయి కృపారాణికి మూడేళ్ళు దాటింది. దాన్ని ఎవరూ తిట్టి లాక్కోలేదు, కొట్టి లాక్కోలేదు. ఒక పొద్దున ఇంటామె లోకేశ్వరి గుమ్మంలో నిలబడి, పైకప్పు మూలన పళ్ళెమంత తడి మరకను వేలితో చూపించి, "అన్నం ఆవిరికే రాణీ, గోడ ఇట్ల చెమ్మెక్కింది. ఇంగ లోపల వండొద్దు" అని మామూలుగా చెప్పి, మామూలుగా మెట్లెక్కి వెళ్ళిపోయింది.

ఆవిరి తగిలిన గోడ కాసేపటికి ఆరిపోతుంది. ఈ మరక మాత్రం వండినా వండకపోయినా తడిగానే ఉండేది. వేలు పెడితే సబ్బు జిగురు తగిలేది. ఆ మూలకు సరిగ్గా పైన, మొదటి అంతస్తు స్నానాల గదిలో తెల్లటి బాత్‌టబ్ ఉంది. దాన్ని రోజూ తోమేది కృపారాణే కాబట్టి ఆ నీళ్ళు ఎక్కడివో ఆమెకు ఒకరు చెప్పనక్కరలేదు. తనే ఒకసారి చెప్పి చూసింది. "టబ్బు నీళ్ళేమోనమ్మా" అంది. "టబ్బు ఇల్లు కట్టినప్పటినుంచీ ఉండాది. మరక నువ్వొచ్చినాకనే కదా వచ్చింది" అని లోకేశ్వరి అన్నాక మళ్ళీ ఆ మాట ఎత్తలేదు. ఆ సాయంత్రమే స్టవ్వునూ సిలిండరునూ నాలుగు వంట బోకులనూ మెట్ల కిందికి మోసుకుంది.

మెట్ల కింద వంటంటే గాలికి మంట నిలవదు. ఒకవైపు పాత ఫ్లెక్సీ కట్టుకుంటే రెండోవైపు నుంచి వాన కొడుతుంది. పైన ఎవరు దిగినా చెప్పుల దుమ్ము గిన్నెలో రాలుతుంది. అందుకే కృపారాణి మూత తీయకుండా వండడం నేర్చుకుంది. సంకటి గెలికేటప్పుడు మాత్రం మూత పెట్టడానికి లేదు. ఎవరూ దిగని వేళ చూసి గెలికేది. ఎవరైనా దిగుతుంటే గిన్నె మీదికి వంగి తన వీపును అడ్డం పెట్టేది.

తిరుపతిలో అలిపిరి దారికి దగ్గరలో ఉన్న ఆ ఇల్లు అమర్‌నాథ్‌ది. పూతలపట్టు పక్కన మామిడి తోటలున్న కుటుంబం. పిల్లల చదువులకని తిరుపతికొచ్చి మూడంతస్తులు కట్టాడు. కింద కారు షెడ్డు, దాని వెనక పనిమనిషికని ఒక గది. మధ్య అంతస్తులో యాత్రికులకు రోజు అద్దెకిచ్చే గదులు. పైన ఆయన, భార్య లోకేశ్వరి. ఎప్పుడో బెంగుళూరులో ఒక హోటల్లో దిగినప్పుడు చూసిన బాత్‌టబ్ మీద మనసు పడి, ఇల్లు కట్టేటప్పుడు మధ్య అంతస్తులో పెట్టించుకున్నాడు. ఆయన తల్లి దాన్ని చూసి, మనిషి పడుకుని స్నానం చేసేది ఒకే ఒక్కసారి అనీ, దానికి తొట్టెందుకనీ అన్నదట. ఆ మాట తర్వాత ఇంట్లో ఎవరూ దాంట్లో దిగలేదు. కానీ ఫోనులో ఆ టబ్బు ఫొటో చూసి వచ్చే యాత్రికులు మాత్రం ఎక్కువయ్యారు.

కృపారాణిది పాకాల దగ్గర పల్లె. భర్త మామిడి మండీలో లోడు ఎత్తేవాడు. ఒక సీజనులో లారీ మీదనుంచి జారిపడి, నడుము విరిగి, రెండేళ్ళు మంచానపడి పోయాడు. అప్పటికి కూతురు నిస్సీ హైస్కూల్లో ఉంది. ఇద్దరూ ఊరు వదిలి వచ్చి ఈ గదిలో చేరారు. జీతం తక్కువేమిటని ఎవరైనా అడిగితే "గది ఇచ్చినాం కదా" అనేది ఇంటివాళ్ళ జవాబు. ఆమె పూర్తి పేరు ఆ ఇంట్లో ఎవరూ పలకరు. దేవుడి దర్శనానికొచ్చే వాళ్ళకు ఎందుకొచ్చిన అనుమానం అని లోకేశ్వరి మొదటి రోజే 'రాణి' అని కత్తిరించింది. గదిలో బైబిలు వాక్యం రాసిన కేలండరును తలుపు వెనక్కి తగిలించుకోమంది. కృపారాణి తగిలించుకుంది. ఆదివారం ప్రార్థనకు పొద్దున్నే పోయి, యాత్రికులు నిద్ర లేచే లోపల వచ్చేది.

ఇన్ని సర్దుబాట్లూ ఒక్కదాని కోసం. నిస్సీ నర్సింగు చదువుతోంది. కాలేజీ, దాని ఆసుపత్రి ఆ గదికి నడిచిపోయేంత దగ్గర. పొద్దున ఏడుకల్లా వార్డులో ఉండాలి. ఒక్క నిమిషం ఆలస్యమైనా ఆ రోజు హాజరు పడదు. హాజరు తగ్గితే పరీక్షకు కూర్చోనివ్వరు. ఆఖరి ఏడాది నడుస్తోంది. పరీక్షలైపోతే కూతురికి ఏదో ఒక ఆసుపత్రిలో ఉద్యోగం, తామిద్దరికీ తమదంటూ ఒక అద్దె ఇల్లు. అంతవరకు ఈ గది నిలబడితే చాలునని కృపారాణి కోరిక.

టబ్బు కథ వేరుగా నడిచింది. ఆ ఊరికి వచ్చేవాళ్ళలో చాలామంది కొండ మీద గుండు కొట్టించుకుని, నున్నటి తలకు చందనం పూసుకుని దిగుతారు. మెడ మడతల్లో, చొక్కా కాలర్లో చిక్కుకున్న వెంట్రుక ముక్కలతో గదికొచ్చి, అబ్బా టబ్బుందే అని పిల్లల్ని దింపుతారు. మెట్ల దారిన నడిచి ఎక్కినవాళ్ళు వేడినీళ్ళు నింపి, ఉప్పేసి, వాచిన పిక్కలు నానబెట్టుకుంటారు. చందనం, వెంట్రుకలు, సబ్బు కలిసి టబ్బు అడుగున నీళ్ళు పోయే జాలీలో ఇరుక్కుంటే, ఎండిన మీదట సున్నపు గచ్చులాగా బిగుసుకుంటుంది. నీళ్ళు దిగవు. మొదటిసారి అలా అయినప్పుడు ప్లంబరును పిలవమని కృపారాణి అడిగింది. ఇంకో పార్టీ స్టేషనులో దిగేసింది, ఆటోలో వస్తున్నారని అమర్‌నాథ్ తొందరపడి, ఇల్లు కట్టినప్పుడు మిగిలిన ఇనుప కమ్మీ ఒకటి తెచ్చి చేతికిచ్చాడు. పొడవమన్నాడు. ఆమె పొడిచింది. గుడగుడమని నీళ్ళు దిగాయి. అప్పటినుంచి ఆ కమ్మీ టబ్బు వెనకే ఉండిపోయింది. అడ్డం పడినప్పుడల్లా పొడవడం ఆమె పనుల్లో ఒక పని అయింది.

కింద గదిలో పళ్ళెమంత మరక చాటంతయింది. చాటంతది గోడ దిగి, మంచం తలాపిదాకా వచ్చింది. ప్లంబరు గోవిందు వేరే పనులకొచ్చినప్పుడు అమర్‌నాథ్ చూడమంటే, టబ్బు అంచు చుట్టూ తెల్ల సిమెంటు పూసి పోయేవాడు. లోపల విప్పి చూడాలంటే పక్క టైల్సు పగలగొట్టాలి, రెండు రోజులు గదులు మూయాలి. దానికి ఇంటాయన ఒప్పుకోడు. పెళ్ళిళ్ళ ముహూర్తాలు, బ్రహ్మోత్సవాలు, వేసవి సెలవులు. తిరుపతిలో రద్దీ లేని నెల ఎప్పుడుంది?

నిస్సీకి ఆయాసం మొదలైంది. తను పనిచేసే ఆసుపత్రిలోనే చూపించుకుంది. డాక్టరు మందు రాసి, ముందు ఆ చెమ్మ గది మారమన్నాడు. మందులు కొన్నారు, గది మారలేదు. మంచాన్ని ఈ గోడనుంచి ఆ గోడకు జరిపారు. సున్నం చెమ్మను తాగుతుందని ఎవరో అంటే కృపారాణి రాతి సున్నం తెచ్చి, కుండలో నానబెట్టి, గోడకు రెండు పూతలు వేసింది. వారంపాటు గది తెల్లగా మెరిసింది. తర్వాత మరక మళ్ళీ లేచింది. ఆమె మళ్ళీ పూసింది. మూడేళ్ళలో ఆ గోడ మీద ఎన్ని పూతలు పడ్డాయో ఆమెకే గుర్తు లేదు.

ఆ ఏడు చలికాలంలో ఒక మధ్యాహ్నం, ఇద్దరూ లేనప్పుడు పైకప్పు పెచ్చు ఊడి మంచం మీద పడింది. అరచేతి మందం సిమెంటు పలక. నిస్సీ దిండు మధ్యలో గుంట పడింది. కృపారాణి వచ్చి చూసి అరవలేదు, ఎవరినీ పిలవలేదు. తలుపు మూసుకుని, ముక్కలన్నీ గోనెసంచిలో ఎత్తి, చీకటి పడకముందే చెత్తబండి వచ్చే మలుపుదాకా మోసుకెళ్ళి పడేసింది. తిరిగొచ్చి, సున్నం కలిపి, ఊడిన చోటునూ దాని చుట్టూ గోడనూ తెల్లగా పూసేసింది. డ్యూటీ నుంచి వచ్చిన నిస్సీ తలెత్తి కొత్త పూతనూ, తన దిండు మీది గుంటనూ చూసింది.

"అది నా నెత్తిన పడింటే?" అంది.

"పడలేదు కదా."

"పడేదాకా ఉందామా?"

"పరీక్షలదాకా ఉందాము" అని కృపారాణి దిండు గలేబు మార్చింది.

చెప్తే ఏమవుతుందో ఆమెకు తెలుసు. పక్క వీధిలో ఒక వాచ్‌మన్ తన గది ఇలాగే కారుతోందని చెప్పుకుంటే బాగుచేయిస్తామని ఖాళీ చేయించి, బాగుచేశాక యాత్రికుల సామాన్లు పెట్టుకునే గదిగా మార్చుకున్నారు. అందుకే ఆవిరన్న అబద్ధాన్ని ఆమె మూడేళ్ళు నోరెత్తకుండా మోసింది. ఆ అబద్ధం ఉన్నన్నాళ్ళూ గది ఉంటుంది.

పెచ్చు ఊడిపడ్డ నాలుగైదు రోజులకే అమర్‌నాథ్ కొత్త కారు కొన్నాడు. వాహన పూజ అయింది, నిమ్మకాయలు తొక్కించారు, లోకేశ్వరి ఎర్రనీళ్ళతో దిష్టి తీసింది. కారును షెడ్డులో పెట్టారు. మర్నాడు పొద్దున చూస్తే బానెట్ మీద మట్టిరంగు చుక్కలు, ఎండిపోయి గీరినా రావడం లేదు. షెడ్డు కప్పుకు లైటు బిగించిన రంధ్రంలోంచి ఒక్కొక్క చుక్కే రాలుతోంది. మూడేళ్ళు ఒక ఆడపిల్ల తలాపిన కారిన నీళ్ళకు రాని ప్లంబరు, రాత్రికి రాత్రి కారు మీద పడ్డ నాలుగు చుక్కలకు పొద్దున తొమ్మిదికల్లా వచ్చాడు.

గోవిందుది చంద్రగిరి. మాటకారి. సంచి దించుతూనే కృపారాణిని చూసి, "ఏమక్కా, ఈ టబ్బుకు నేను పూసిన తెల్ల సిమెంటుతో ఒక గుడి కట్టొచ్చు. ఈపొద్దు కారు పుణ్యాన దీని కడుపు కోయమన్నాడు మీ సారు" అన్నాడు.

ఆమె నవ్వలేదు. అటూ ఇటూ చూసి దగ్గరికొచ్చి, రబ్బరు మార్చి పొమ్మనీ, నీళ్ళు ఎంతదూరం పోయినాయో వెతకొద్దనీ బతిమాలింది. కారుదాకా ఎట్ల వచ్చిందో సారుకు చూపించాల్సి ఉందని అతను అన్నాడు.

"కారు పక్క సూపించు. నా గది పక్క వద్దు. పాప పరీక్షలదాకా సాలు, గోవిందూ."

గోవిందు ఆమె ముఖం చూసి మాట తగ్గించాడు. "నేను నోరు తెరవనులే అక్కా. నీళ్ళు నోరు మూసుకుంటాయా మల్ల?"

టబ్బు పక్క టైల్సు నాలుగు పగలగొట్టి, గోవిందు చెయ్యి లోపలికి పెట్టి చూశాడు. మోచేతిదాకా నల్లటి నీళ్ళు. పైపు మూతి దగ్గర పిడికెడు ముద్ద, చందనం వాసన ఇంకా పోలేదు, లోపలంతా వెంట్రుకలు. దాన్ని లాగి పడేస్తే కింద రబ్బరు వాషరు ముక్కలైపోయి కనిపించింది. జాలీ నుంచి దిగాల్సిన నీళ్ళు సగం పైపులోకి, సగం స్లాబు మీదికి పోతున్నాయి. ఇంతే రోగం అని గోవిందు చెప్పి, కొత్త వాషరు బిగించబోయాడు. అమర్‌నాథ్ ఆపాడు. మళ్ళీ కారు మీద పడితే ఊరుకోను, నీళ్ళు ఏయే దారిన పోతున్నాయో ముందు తేల్చమన్నాడు. నీళ్ళలో ఏదన్నా రంగు కలిపి వదిలి, అది కింద ఎక్కడ తేలుతుందో చూడడం ఆ పనిలో ఉన్నదే. ఆ ఇంట్లో చేతికి దొరికిన రంగు పసుపు. లోకేశ్వరి వంటింట్లోంచి డబ్బా తెచ్చి, అందులో సగం, నీళ్ళు నింపిన టబ్బులో కుమ్మరించింది. కృపారాణే చేత్తో కలిపింది. అడుగు బిరడా లాగి, అందరూ కాసేపు కాచుకున్నారు.

ముందు షెడ్డు చూశారు. లైటు రంధ్రం నుంచి లేత పసుపు చుక్క వేలాడి, కారు మీద పరిచిన పట్టా మీద పడింది. అమర్‌నాథ్ తలూపాడు. అక్కడితో ఆగుతుందని కృపారాణి ఆశపడింది. ఆయన ఆగలేదు. అటుపక్క కూడా చూద్దాం పదండని గది తలుపు తోశాడు. ఆ మూడేళ్ళలో ఆయన ఆ గదిలో అడుగు పెట్టడం అదే మొదలు.

మూలనుంచి మంచం వెనకదాకా, ఆమె వారం కిందట పూసిన తెల్లటి సున్నం మీద, ఎర్రటి చారలు దిగుతున్నాయి. పసుపు కాదు, నిండు ఎరుపు. గాయం నుంచి కారుతున్నట్టు.

అమర్‌నాథ్ ఒక అడుగు వెనక్కి వేశాడు. తర్వాత తేరుకుని, ఊపిరి వదిలి, "మనం పోసింది పసుపు. ఇది ఎరుపు. ఇది మన నీళ్ళు కాదు" అన్నాడు. ఏ కమ్మీ తుప్పో అయి ఉంటుందనీ, లేదంటే ఆవిరి పాతదే ఇంకా దిగుతోందేమోననీ గోవిందు వైపు చూశాడు.

గోవిందుకు తెలుసు. కృపారాణికి తెలుసు. ఆ క్షణాన ఆ ఇద్దరూ ఒకరి ముఖం ఒకరు చూసుకోలేదు. మూడేళ్ళుగా తనను మెట్ల కింద కూర్చోబెట్టిన అబద్ధం ఇప్పుడు తన గదికి కాపలాగా నిలబడిందని కృపారాణికి అర్థమైంది. మొదటిసారి ఆ మాట తనే అన్నది.

"ఆవిరే అయ్యుంటాదిలే సార్. నేనే ముందు శానా రోజులు లోపల వండినాను."

గోవిందు నేల చూశాడు. అమర్‌నాథ్ తలుపు వైపు తిరిగాడు. అంతటితో అయిపోయేదే. పసుపు డబ్బా చేతిలో పట్టుకుని వెనక నిలబడ్డ లోకేశ్వరి చిన్నగా నవ్వింది.

"అదేందండీ, పసుపు సున్నానికి తగిలితే ఎర్రగ కాదా? మొన్న కారుకు దిష్టి తీసిన ఎర్రనీళ్ళు యాడివనుకున్నారు? పసుపులో ఇంత సున్నం కలిపితే అయ్యేదే అది. మగోళ్ళకు ఏం తెలుస్తాదిలే."

వంటింటి సంగతి ఒకటి చెప్పినట్టే చెప్పింది. దాంట్లో కసి లేదు, కపటం లేదు. చెప్పాక గోడ వైపు చూసింది, ఆమె నవ్వు ఆగిపోయింది. తను ఇప్పుడు చెప్పిన దానికి అర్థమేమిటో, మూడేళ్ళ కిందట గుమ్మంలో నిలబడి చెప్పిన దానికి అర్థమేమిటో ఆమెకు తట్టింది. డబ్బా మూత బిగించుకుంటూ నిలబడింది.

నిజం బయటపడితే మంచి జరుగుతుందని చిన్నప్పుడు బళ్ళో చెప్తారు. ఆ గదిలో జరిగింది వేరు. అమర్‌నాథ్ మూలనున్న బూజు కర్ర తీసుకుని పైకప్పును పొడిచాడు. డొల్ల చప్పుడు. రెండోసారి పొడిస్తే చాటంత పెచ్చు సున్నంతో సహా ఊడి నేలమీద పడింది. లోపల కమ్మీలు పొరలు పొరలుగా ఉబ్బి, వేలితో తోస్తే పొడిగా రాలుతున్నాయి. ఆయన ముఖం మారింది.

"ఇన్నాళ్ళు ఎందుకు సెప్పలేదు?" అని కృపారాణిని అడిగాడు.

ఆమె లోకేశ్వరి వైపు చూడలేదు. చూస్తే ఇంకా చెడుతుందని తెలుసు. వాషరు అట్ల ముక్కలెందుకయిందని ఆయన గోవిందును అడిగాడు. అతను నసిగి, కమ్మీతో పొడిచినట్టుందని చెప్పక తప్పలేదు. ఎవరు పొడిచిందని ఆయన మళ్ళీ అడిగాడు.

"నేనే సార్" అంది కృపారాణి.

మీరు కమ్మీ చేతికిస్తేనే అన్న మాట నాలుక మీదిదాకా వచ్చి ఆగిపోయింది. ఆయనకూ ఆ మాట గుర్తొచ్చిందో లేదో తెలియదు. కర్ర గోడకు ఆనించి, గొంతు మెత్తగా చేసుకుని, ఆదివారంలోపల గది ఖాళీ చేయమన్నాడు. "నీ మంచికే సెప్తాండాను. మీ తల్లీబిడ్డల మీద ఏదన్నా పడితే రేపు నేను ఎవరికి జవాబు సెప్పాల?"

ఆమె అడగగలిగినవన్నీ అడిగింది. పరీక్షలదాకా ఉండనివ్వమంది. గదిలో వద్దంటే మెట్ల కింద పడుకుంటామంది. మెట్ల కింద మనుషులు పడుకుంటే వచ్చేవాళ్ళు ఏమనుకుంటారని ఆయన అన్నాడు. లోకేశ్వరి ఒకసారి "పోనీలెండి, పరీక్షలయ్యేదాకా..." అని మొదలుపెట్టి, భర్త తలతిప్పగానే మిగతాది మింగేసింది. ఆ రోజు మధ్య అంతస్తులో రెండు గదులు ఖాళీగా ఉన్నాయి. పొద్దున్నే వాటి దుప్పట్లు మార్చింది కృపారాణే. ఆ గదుల మాట ఎవరి నోటా రాలేదు. ఆమె నోటా రాలేదు.

సాయంత్రానికి టబ్బు బాగయింది. కొత్త వాషరు, కొత్త పైపు ముక్క, పక్కకు కొత్త టైల్సు, అంచు చుట్టూ మెరిసే తెల్లటి పూత. గోవిందు పని ముగించి, సంచి భుజాన వేసుకుని, మెట్ల కింద కూర్చున్న కృపారాణి దగ్గర ఆగాడు. చంద్రగిరి పక్క ఎవరినన్నా అడిగి చూస్తానన్నాడు. చూశాడు కూడా, నిజంగానే అడిగాడు. దొరకలేదు. ఆ రాత్రే గుంటూరు నుంచి ఒక కుటుంబం దిగింది. టబ్బులో పిల్లలు కేరింతలు కొట్టారు. ఒక్క చుక్క కిందికి దిగలేదు.

దగ్గరలో గది కోసం కృపారాణి ఆ వారమంతా తిరిగింది. ఆ పేటలో గది అనేది నెల అద్దెకు దొరకదు. మంచం పట్టే ప్రతి మూలా యాత్రికులకు రోజు లెక్కన పోతుంది. దొరికిన ఒకటి రెండు చోట్ల పేరు అడిగారు. ఈసారి ఆమె పూర్తి పేరు చెప్పింది. ఎందుకో ఇక కత్తిరించి చెప్పబుద్ధి కాలేదు. మొన్ననే ఇచ్చేసినామమ్మా అన్నారు ఒకరు. ఇంట్లో పెద్దాయన ఒప్పుకోడన్నారు ఇంకొకరు. హాస్టల్లో చేరమని కాలేజీ వాళ్ళు చెప్పారు. హాస్టలు ఫీజు కట్టగలిగితే ఈ మూడేళ్ళు ఆ గోడ పక్కన ఎందుకు పడుకుంటారు?

ఆదివారం మధ్యాహ్నం స్టవ్వు, మంచం, రెండు ట్రంకు పెట్టెలు ఆటోలో ఎక్కించి స్టేషనుకు పోయారు. పాకాల దగ్గర పల్లెలో చెల్లెలింటి వసారాలో దిగారు. ఆ వసారా పొడిగా ఉంది. నిస్సీ ఆయాసం రెండు వారాల్లో తగ్గింది. ఆ ఒక్క మంచీ జరిగింది, అది చెప్పుకోవాలి.

కానీ పొద్దున బయల్దేరే రైలు ఎప్పుడూ వార్డు వేళకు అందించలేదు. బస్సులో పోదామంటే మొదటి బస్సు రోడ్డు మీదికొచ్చేసరికే తెల్లారేది. ఆసుపత్రి గేటు దగ్గర పరుగెత్తి పరుగెత్తి చేరేసరికి ఏడుంబావో ఏడున్నరో అయ్యేది. వార్డు సిస్టరు మొదట జాలి చూపింది, తర్వాత విసుక్కుంది, ఆ తర్వాత రూలు చూపింది. నిస్సీకి తోడు చదివే పిల్ల ప్రశాంతి తన హాస్టలు మంచంలో సగం ఇచ్చి కొన్ని రాత్రులు దాచింది. వార్డెన్ పట్టుకుంది. హాజరు తగ్గిందని నిస్సీని పరీక్షకు కూర్చోనివ్వలేదు. వచ్చే ఏడు మళ్ళీ ఫీజు కట్టి రాసుకోమన్నారు.

ఆ రోజు సాయంత్రం తల్లీకూతుళ్ళు వసారాలో కూర్చున్నారు. మామిడికాయల సీజను మొదలైంది. కృపారాణి గుజ్జు ఫ్యాక్టరీలో కాయలు ఏరే పనికి చేరింది. సొన తగిలి వేళ్ళ సందులు పుండ్లు పడ్డాయి. నిస్సీ వాటికి మందు రాస్తోంది. వార్డులో నేర్పినట్టే, దూదిని లోపలినుంచి బయటికి తిప్పుతూ.

"వచ్చే ఏడు రాస్తావులే పాపా" అంది తల్లి.

నిస్సీ రెండో చెయ్యి చాపమంది.

ఫీజు డబ్బు కూడకుండానే వచ్చే ఏడు దాటిపోయింది. నిస్సీ పాకాలలో ఒక మందుల షాపులో నిలబడి మాత్రలు అందిస్తోంది. ఇంజెక్షను వేయించుకోవాలని ఎవరైనా అడిగితే, తనకు సర్టిఫికెట్టు లేదని చెప్పి ఎదురుగా ఉన్న క్లినిక్కుకు పంపిస్తుంది. తిరుపతిలో ఆ గదికి తాళం వేసి ఉంది. పైకప్పును తర్వాత చూద్దాంలెమ్మని అమర్‌నాథ్ ఆ పని పెట్టుకోలేదు. చూడాల్సిన తొందర ఇప్పుడు ఎవరికీ లేదు. టబ్బును తోమేందుకు ఇంకొకామె వస్తుంది. ఆమెను రాత్రికి ఉండనివ్వరు. గది లేదు కదా మరి.

ఇది చదివి పాపం అనుకుని పుట తిప్పేయకండి. మీ ఇంట్లోనో మీ అపార్టుమెంటులోనో మెట్ల వెనక, లిఫ్టు పక్కన, షెడ్డు చివర ఒక గది ఉంటుంది. అందులో వాచ్‌మన్ కుటుంబమో పనిమనిషి కుటుంబమో ఉంటుంది. ఈ రోజే ఆ గదికి పోయి, అడిగి లోపలికి వెళ్ళి, గోడ మీద అరచెయ్యి ఆనించి చూడండి. తడి తగిలితే అది ఎవరి ఆవిరో అని వెతక్కండి. మీ గచ్చు, మీ పైపు, మీ టబ్బు విప్పి చూడండి. బాగుచేసే రోజుల్లో వాళ్ళను వీధిలోకి కాదు, మీ ఖాళీ గదిలోకి పంపండి. బాగయ్యాక ఆ గది మళ్ళీ వాళ్ళదేనని నలుగురి ముందూ మాటివ్వండి. తిరుపతిలో గది తీసుకునేవాళ్ళు, దుప్పటి తెల్లగా ఉందా అని అడిగినట్టే, ఈ దుప్పటి ఉతికే మనిషి ఎక్కడ పడుకుంటుందని కూడా అడగండి. జవాబు నచ్చకపోతే ఆ ఇంట్లో దిగకండి. అద్దె గదులకు అనుమతులిచ్చే వాళ్ళు యాత్రికుల గదులను మాత్రమే చూసి వెళ్ళిపోకుండా, పనివాళ్ళ గది తలుపు కూడా తీయించి చూడాలని మీ వార్డు సభలో లేచి నిలబడి అడగండి. ఒక్కరు అడిగితే నవ్వుతారు. మీ పక్కనున్న వాళ్ళను కూడా నిలబెట్టండి.